మంచులోని రాయిని తూచవలెను

ఖాజాగూడ గుట్టలమీద గుండుపై గుండు నిలిచిన వింతను చూచినవారు, ఎవరో తెచ్చి పేర్చినారని తలంతురు. వానిని తెచ్చినవారు లేరు. సుమారు 250 కోట్ల యేండ్లనాటి గ్రానైటు శిల ఎండకు వానకు పగిలి, అరిగి, ఉన్నచోటనే గుండ్లయినది.

అన్ని రాళ్లును ఇట్లు నిశ్చలములు కావు. హిమాలయములందలి హిమానీనదములు రాళ్లను కడుపున పెట్టుకొని దిగువకు మోసికొనివచ్చును. తెలుగునేలకును ఇది కొత్త కాదు. గోదావరి లోయలో బొగ్గుపొరల క్రింద నున్న తాల్చేరు శిలలలోని గుండ్లు, సుమారు 30 కోట్ల యేండ్లకు పూర్వము హిమము తెచ్చి విడిచినవే.

మంచు కరగుకొలది లోని రాళ్లు బయటపడి పైన పొరగా పేరుకొనును. పలుచని పొర ఎండవేడిని గ్రహించి మంచును త్వరగా కరగించును. దళసరి పొర కప్పువలె కాపాడును. మంచు వెనుకకు తగ్గినచోట ఆ రాళ్లే కట్టగా మిగిలి, వాని వెనుక నీరు చేరును. లోపల రాయి యెంతయో తెలియక రేపటి నీటిని అంచనా కట్టుట, రాశిలో తాలెంతయో చూడక పంటను లెక్కించుటవంటిది.

కొలుచుటకు మార్గములు కలవు. మంచును తొలిచి కడ్డీలుగా తీసి, కరగించి, మిగిలిన రాతిని ఆరబెట్టి తూచుట మొదటిది. ఇది నిక్కమైనదే కాని, తొలిచిన చోటి సంగతి మాత్రమే చెప్పును. రెండవది రేడారు. దాని తరంగములు శుద్ధమైన మంచులో సెకనుకు సుమారు 16.8 కోట్ల మీటర్లు పోవును. రాయి కలసినకొలది మందగించును, చెదరును. నీరు కలసినను మందగించును గనుక, రెండు మార్గములను జోడించిననే లెక్క కుదురును.

ఇది పండితుల వినోదము కాదు. 2013 జూనులో కేదారనాథముపై విరుచుకుపడిన చోరాబారి సరస్సును అంతవరకు నిలిపినది హిమానీనదము పోసిన రాతిమట్టి కట్టయే. అతివృష్టికి అది తెగెను. ఆ వరదలలో వేలమంది మడిసిరి. దారిలో చిక్కిన యాత్రికులలో తెలుగువారెందరో యుండిరి.

డెహ్రాడూనులోని వాడియా సంస్థవారు చోరాబారిపై ఏండ్ల తరబడి కొలతలు తీసిరి. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగు కేంద్రము ఉపగ్రహములతో హిమాలయ సరస్సుల పట్టికలు సిద్ధపరచినది. ఈ కృషి శ్లాఘనీయమే. ఐనను ఆకాశమునుండి చూచు కన్నునకు సరస్సు వైశాల్యము కనబడును గాని, మంచు గర్భములోని రాయి కనబడదు. భూగర్భమును శోధించు నేర్పుగల జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు ఈ నగరముననే యున్నది. వీరందరు కలసి ఏటేట ఈ కొలతను సాగింపవలెనని మా మతము.

వ్యయమధికమని కొందరందురు. 2023 అక్టోబరులో సిక్కిములోని దక్షిణ లోనక్ సరస్సు గట్టు తెగి, తీస్తాపై 1200 మెగావాట్ల విద్యుత్కేంద్రపు ఆనకట్టను ఊడ్చివేసినది. ఆ నష్టముముందు కొన్ని యంత్రముల వెల, నిపుణుల దారిబత్తెము ఏపాటివి? హిమాలయనదిపై శంకుస్థాపన చేయుటకు ముందు, ఎగువ మంచులో రాయి యెంతయో తూచి, ఆ లెక్కను ప్రజలయెదుట నుంచుట ప్రభుత్వమునకు అవశ్యకర్తవ్యము.