పుస్తకం పక్కన ఒక మనిషి

ఏటా నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుకుంటాం. 1919లో అదే తేదీన మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్నది బెజవాడ నుంచి వెళ్లిన అయ్యంకి వెంకట రమణయ్య గారి పట్టుదల. ఆ వారంలోనే నవంబరు 19 వస్తుంది. కృష్ణా నది సముద్రంలో కలిసే దివిసీమలో ఆ తేదీ చెబితే చాలు, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. 1977 ఉప్పెన పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్లను ఊడ్చేసింది. ఆ తర్వాతి రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో వచ్చి, శవాలు తీసి, గంజి కాచి పోసి, గుడిసెలు నిలబెట్టినవాళ్లలో జీతం అడగని మనుషులు ఎందరో ఉన్నారు. ఇప్పుడు మేము అడగబోయే సాయమూ ఆ కోవలోదే. అంత కష్టమైనది మాత్రం కాదు. సాయంత్రం ఒక గంటసేపు, చదవడం రాని పిల్లల పక్కన కూర్చోవాలి.

చదవడం రాని పిల్లలంటే బడి మానేసినవాళ్లని అనుకోవద్దు. రోజూ బడికి వెళ్తున్నవాళ్లే. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022లో తేల్చిన ప్రకారం మన రాష్ట్ర గ్రామాల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 10.3 శాతం. 2018లో 22.6 శాతం ఉండేవారు. మధ్యలో కరోనా వచ్చి బడులు మూతపడిన మాట నిజమే. కానీ నూటికి ఇరవై ఇద్దరు చదవగలిగిన రోజులను కూడా మంచిరోజులని ఎలా అనగలం?

అక్షరాలు వచ్చిన పిల్లాడిని చూస్తే చదువు వచ్చేసిందనే అనిపిస్తుంది. గుణింతం గడగడా అప్పజెబుతాడు. అదే పిల్లాడి ముందు నాలుగు వరుసల కథ పెడితే మొదటి వత్తు దగ్గరే ఆగిపోతాడు. కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. కూడబలుక్కోవడం తప్పు కాదు, అందరం అలాగే నేర్చుకున్నాం. ఆ దశ దాటేదాకా పక్కన కూర్చుని వినే మనిషి కావాలి. తల్లికో తండ్రికో చదువొచ్చిన ఇంట్లో ఆ మనిషి ఇంట్లోనే ఉంటాడు. దివిసీమ కొసనున్న హంసలదీవిలో తండ్రి వేటకు, తల్లి రొయ్యల చెరువు పనికి వెళ్లే ఇంట్లో ఎవరుంటారు? పీతల కోసం పాయల వెంట తిరిగే యానాది కుటుంబాల పిల్లలకు ఎవరున్నారు? రెండు మూడు తరగతులను ఒక్కరే చూసుకునే బడిలో ప్రతి పిల్లా చదివేది వినడానికి పంతులమ్మకు పూట చాలదు. టీచర్ల మీద ఫిర్యాదుగా ఈ మాట అనడం లేదు. ఆ పనికి ఇంకో మనిషి కావాలంటున్నాం.

ఆ మనిషి కూర్చోవడానికి చోటు మాత్రం ముందే ఉంది. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద వసూలయ్యే డబ్బు అది. దానితో నడిచే శాఖా గ్రంథాలయాల్లో గది ఉంది, దీపం ఉంది, బీరువా ఉంది. వేసవిలో విజ్ఞాన శిబిరాలు పెట్టి కథలు చెప్పిస్తున్నారు, పుస్తకాలు చదివిస్తున్నారు. మంచి పని. అయితే చదవడం రాని పిల్లాడు అక్కడికి వస్తే కథ వినేచోటో బొమ్మలు వేసేచోటో కూర్చుంటాడు, చదివే వంతు వచ్చేసరికి వెనక్కి జరుగుతాడు. శిబిరం ముగిసి బడులు తెరిచాక అతని సంగతి ఎవరు కనుక్కోవాలి?

పుస్తకాన్నీ దాన్ని చదివించే మనిషినీ మన గ్రంథాలయోద్యమం ఎన్నడూ విడదీయలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిన నాటికి పల్లెల్లో చదువొచ్చినవాళ్లు బహు కొద్దిమంది. అందుకే పత్రిక పైకి చదివి వినిపించడం, రాత్రి బడి నడపడం గ్రంథాలయం పనుల్లోనే చేరాయి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయాలకు ఎంత పాటుపడ్డారో వయోజన విద్యకూ అంతే పాటుపడ్డారు. ఇక పాతూరి నాగభూషణం గారు 1935లో, కృష్ణ ఆవలి గట్టున, కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య కాలువలో తిరిగే పడవ మీద గ్రంథాలయం పెట్టించారు. ఆ రోజుల్లో పడవ ప్రయాణమంటే చేతినిండా తీరిక. జనం పుస్తకం దగ్గరికి రావడం లేదని ఆయన నిష్ఠూరాలాడలేదు. వాళ్లు తీరిగ్గా కూర్చునే చోటు ఏదో చూసి, పుస్తకాన్ని అక్కడికి పంపారు. దివిసీమలో ఏం చేయాలన్నా మాకు ముందుగా గుర్తొచ్చేది ఆ పడవే.

మనుషులెక్కడి నుంచి వస్తారని అడగవచ్చు. దివిసీమలోని అవనిగడ్డలో ఉన్నారు. టీచర్ పోస్టుల కోసం పెట్టే డీఎస్సీ పరీక్ష శిక్షణకు ఆ ఊరికి రాష్ట్రమంతటా పేరుంది. దూరపు జిల్లాల నుంచి యువతీయువకులు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, నెలల తరబడి చదువుతారు. 2018 డీఎస్సీ తర్వాత, 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది 2025లో. అన్నేళ్లూ ఎదురుచూసినవాళ్లున్నారు. బాలల మనోవిజ్ఞానం మీద, బోధన పద్ధతుల మీద వాళ్లు వేల బిట్లు చేసి ఉంటారు. ఇంతమంది కాబోయే టీచర్లు ఒకేచోట దొరకడం అరుదు. వాళ్లలో కొందరు వారానికి మూడు సాయంత్రాలు ఒక్కో గంట ఇవ్వగలిగితే పని మొదలైనట్టే.

మొదటి రోజుకు ఒక కాగితం చాలు. అసర్ సర్వేలో వాడేదీ అంతే: అక్షరాలు, చిన్న మాటలు, ఒక పేరా, ఒక చిన్న కథ. పిల్ల ఎక్కడ ఆగిందో చూసుకుని అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఏ తరగతి అన్న ప్రశ్న వద్దు. పిల్లలను వయసును బట్టి కాక వచ్చిన చదువును బట్టి కూర్చోబెట్టే ఈ పద్ధతిని ప్రథమ్ సంస్థ నడిపింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఇది ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షించి చూశారు. ఒక్కొక్కరి దగ్గర నలుగురైదుగురు పిల్లలకు మించకూడదు. ముందు పెద్దవాళ్లు మాటల కింద వేలు నడుపుతూ కథ పైకి చదవాలి. తర్వాత అందరూ కలిసి, ఆ పైన ఒక్కొక్కరూ చదవాలి. పిల్లాడు తడబడితే మాట అందించెయ్యకుండా కాసేపు ఆగాలి. కొత్తగా వచ్చినవాళ్లకు అన్నిటికన్నా కష్టం ఇదే. చదివించేది పాఠ్యపుస్తకం కాకూడదు. మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలున్నాయి. స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. వీటన్నిటికన్నా మేలైన వాచకం ఇంకొకటుంది. పీత గురించి, పోటు గురించి, నాన్న బోటు గురించి పిల్లలే చెప్పిన నాలుగు మాటలను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి వాళ్ల చేతే చదివించాలి. ఇదంతా గ్రంథపాలకుల ఎదుట, అందరికీ కనిపించే హాల్లో జరగాలి. బెత్తం ఉండకూడదు, ఒకరితో ఇంకొకరిని పోల్చడం అసలే ఉండకూడదు.

ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా అనుభవం మనకు పనికొస్తుంది. 2005, 2006 ప్రాంతంలో అక్కడి గ్రామాల్లోని యువతకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, బడి వేళల తర్వాత చదువు శిబిరాలు నడిపించారు. వచ్చిన పిల్లలు బాగా నేర్చుకున్నారు. అయితే అవసరమున్నవాళ్లలో వచ్చింది చాలా కొద్దిమంది. మనకూ అదే జరగవచ్చు. హంసలదీవి నుంచి ఎనిమిదేళ్ల పిల్లను సాయంత్రం పూట బస్సెక్కించి అవనిగడ్డ పంపే తల్లి ఎవరు? కాబట్టి పుస్తకాల సంచీ, దాని వెంట మనిషీ ఆ ఊరికే వెళ్లాలి. బడి వరండా ఉంది. ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా ఉండే తుపాను షెల్టర్లున్నాయి. ఏ కులం, ఏ మతం పిల్లలైనా జంకు లేకుండా అడుగుపెట్టే చోటునే ఎంచుకోవాలి. వేట పడవలు ఎప్పుడు తిరిగొస్తాయో, ఏ వేళకు పిల్లలకు తీరికో ఆ ఊరివాళ్లను అడిగి వేళ పెట్టుకోవాలి.

పరీక్ష దగ్గరపడితే డీఎస్సీ అభ్యర్థులు రారు, వాళ్లను తప్పుపట్టలేం. అందుకే ప్రతి గుంపుకూ ఊళ్లోనే ఉండే మనిషి ఒకరు తోడుండాలి. రిటైరైన మాస్టారు, డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసే ఆవిడ, ఇంటర్ చదివే అక్క, ఎవరైనా సరే. చెప్పిన రోజున రాలేకపోతే ముందే కబురు చెయ్యాలి. ఎదురుచూసి వెనక్కి వెళ్లిన పిల్లలు మళ్లీ రారు.

మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా గ్రంథాలయ సంస్థను మేము కోరేది చిన్న ఏర్పాటే. దివిసీమ శాఖా గ్రంథాలయాల్లో వారానికి మూడు సాయంత్రాలు ఈ గంటను అధికారికంగా అనుమతించాలి. చదివించడానికి వచ్చేవారి పేర్లు రాసుకునే రిజిస్టరు తెరవాలి. హంసలదీవి, పాలకాయతిప్ప వంటి చివరి ఊళ్లకు పుస్తకాల సంచులు ఇచ్చి పంపాలి. వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలు ఎలాగూ ఉంటాయి, వాటిలో చదవగల పిల్లలు బహుమతులు గెలుచుకుంటారు. ఆ పోటీల పక్కనే ఇంకో బల్ల చదవలేని పిల్లల కోసం వేయండి.

అవనిగడ్డలో గది తీసుకుని చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారంలో ఒక సాయంత్రం దగ్గర్లోని గ్రంథాలయానికి వెళ్లి మీ పేరు రాయించండి. ఉద్యోగం వచ్చాక మీరు చేయబోయేది ఈ పనే. పిల్లలు మాత్రం మీ నియామకపు ఉత్తర్వు వచ్చేదాకా ఆగలేరు.