శిక్ష పడినోడికి హక్కులెందుకు?

"బాంబులేసి జనాన్ని చంపినోడికి మళ్లా హక్కులేందబ్బా?" అని రచ్చబండల కాడ అడుగుతాండారు. మన పేటల్లోనూ అడుగుతాండారు. ఆ కోపం మాకు తెలుసు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపు కాడ నిలబడినోళ్లు ముక్కలైపోయినారు. ఆ పని చేసినోళ్లను వెనకేసుకొచ్చే అవసరం మాకు లేదు. శిక్ష అనుభవించాల్సిందే. అయితే అప్పీలు, వకీలు, మందులు, పెరోలు కూడా ఉండాల్సిందే అంటున్నాం.

ఎందుకంటే కోర్టు వేసిన ముద్ర కూడా తప్పు కావచ్చు. అమలాపురం మనిషి ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా పోలియోతో చక్రాల కుర్చీలో బతికినాయన. 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు ఊపా చట్టం కింద యావజ్జీవం వేసింది. 2020లో తల్లి చనిపోతే ఆఖరి చూపుకు కూడా పంపలేదు. 2024 మార్చి 5న హైకోర్టు నిర్దోషి అనింది. అక్టోబరులో ఆయన చనిపోయినాడు.

సాయిబాబా పేరైనా పేపర్లకెక్కింది. అదే కేసులో శిక్ష పడిన ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులో ఖైదీగానే చచ్చిపోయినాడు. రెండు నెలలు తిరక్కుండానే హైకోర్టు మొదటిసారి అందర్నీ నిర్దోషులనింది. మరుసటి రోజే సుప్రీంకోర్టు దాన్ని ఆపింది, అది వేరే సంగతి. పాండుకు ఏ తీర్పు వచ్చి ఏం లాభం? హక్కులు కోసేస్తే మొదట తెగేది ఇట్లాంటోళ్ల గొంతే. మన సీమ ఫ్యాక్షన్ కేసుల్లో మాత్రం ఏం జరిగింది? బాంబు మోసినోడు కడప జైల్లో, మోయించినోడు మేడలో.

"అప్పీలు హక్కుతోనే గదా చుండూరు హంతకులు బయటపడింది?" అని ఒక కార్యకర్త మమ్మల్ని నిలదీసినాడు. నిజమే. 1991లో మనోళ్లను నరికిన కేసులో 2007లో శిక్షలు పడితే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కడుపు మండింది. ఇప్పటికీ మండుతాంది. అయినా బాధితులు అప్పీలే వద్దనలేదు, తీర్పు తప్పని సుప్రీంకోర్టుకు పోయినారు. ఆ తలుపు మూస్తే మనకూ మూసినట్టే.

ఇది కొత్త మాటేం కాదు. విశాఖ జైల్లోని నక్సలైటు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ గురించి కేసు వేస్తే, 1974లో సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది గానీ, శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవని అదే తీర్పులో రాసింది.

మీ ఊరోళ్లు జైల్లో ఉంటే కనుక్కోండి: అప్పీలు వేసినారా, మందులు అందుతాండాయా? ఎస్సీ, ఎస్టీలకూ, జైల్లో ఉన్నోళ్లకూ వకీలును ఉచితంగా ఇయ్యాలని 1987 చట్టం ఉంది. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి.