హాజరు పట్టికలో నా తర్వాతి పేరు



హాస్టల్లో నా నంబర్ 17, వాడిది 18. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదేండ్లు పొద్దునొకసారి, రాత్రొకసారి సారు హాజరు తీసుకునేటోడు. నేను "ప్రెజెంట్ సార్" అనంగనే వాడి గొంతు వినపడాలె. వినపడకుంటే సారు నన్నే చూసి, "ఏడిరా వాడు?" అని అడిగేది. వాడెక్కడున్నడో చెప్పుడు నా పని.

వాడు చనిపోయి రెండేండ్లు కావస్తున్నది. వాడి పేరు ఇక్కడ రాస్తలేను, వాళ్ల యాడి వద్దన్నది. కానీ ఆ పేరు ఉండాల్సిన చోట కూడా లేదు. ఈ నాలుగు మాటలు దాని గురించే.

మాది సంస్థాన్ నారాయణపురం వైపు తండాలు. లెక్కల్లో వాడు నాకంటే మెరుగు. నేను రెండుసార్లు తప్పు చేసిన లెక్కను వాడు నోటితోనే చెప్పేది. ఇంటి నుంచి వచ్చినప్పుడు తెచ్చిన జొన్న బాటి సగం నాకు పెట్టేది. పదో తరగతి పాసైనంక ఇంటర్‌ల చేరే రోజు నేను వచ్చిన, వాడు రాలే. ఆ ఎండాకాలమే వాళ్ల బాపు చనిపోయిండు. రెండెకరాల చెలక, ఎండిపోయిన బోరు, దాని మీద అప్పు మిగిలినయి. నేను డిగ్రీ దాకా పోయిన. వాడు కాంట్రాక్టర్ దగ్గర పేరు చెప్పుకొని చౌటుప్పల్ దగ్గర ఒక కంపెనీకి పోయిండు. రాత్రి పూట పన్నెండు గంటల డ్యూటీ.

ఒకరోజు డ్యూటీ దిగి తెల్లారుజామున బండి మీద వస్తుంటే 65 నంబర్ హైవే మీద లారీ గుద్దింది. ఆగకుండ పోయింది.

ఆ రోజు మేమేం చేసినమో చెప్త. వాట్సాప్ స్టేటస్ పెట్టినం. బ్యాచ్ గ్రూపుల చందాలు జమ చేసి తండా మొదట్ల పెద్ద ఫ్లెక్సీ కట్టినం. మధ్యల వాడి ఫోటో, కింద వరుసగా మా అందరి ఫోటోలు. మొన్న పోయి చూస్తే ఆ ఫ్లెక్సీ వాళ్ల మేకల కొట్టం మీద కప్పి ఉన్నది. నేను చూస్తుంటే యాడి, "వాన కురుస్తుంటే కప్పిన బేటా, ఏమనుకోకు" అన్నది. ఏమనుకోను? మేము చేసిన దాంట్ల ఆమెకు అక్కరకొచ్చింది అదొక్కటే.

చదువుకున్నోన్ని నేను. కానీ ఆ రోజు అడగాల్సిన మూడు మాటలు అడగలే. ఎఫ్‌ఐఆర్‌ల డ్యూటీ నుంచి వస్తున్నడని రాసిన్రా? వాడికి ఈఎస్ఐ నంబర్ ఉన్నదా? గేటు రిజిస్టర్ల వాడి పేరున్నదా? దహనం రోజే కాంట్రాక్టర్ మనుషులు పెద్దమనుషుల ముందు కొంత పైకం యాడి చేతుల పెట్టి, కాగితం మీద వేలిముద్ర తీసుకున్నరు. నేను అక్కడే నిలబడి ఉన్న. ఆ కాగితం చదవలే.

తర్వాత చదివి తెలుసుకున్నవి మీకు చెప్తున్న. పది మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీల నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్నోళ్లకు ఈఎస్ఐ ఉండాలె. కాంట్రాక్ట్ కూలీలకు కూడా. కాంట్రాక్టర్ కట్టకుంటే కట్టాల్సిన బాధ్యత ముందు కంపెనీదే. ఇంటి నుంచి డ్యూటీకి పోయేటప్పుడు, డ్యూటీ దిగి ఇంటికొచ్చేటప్పుడు జరిగిన ప్రమాదం, ఆ పనితో సంబంధం రుజువైతే, పనిల జరిగిన ప్రమాదం కిందికే వస్తది. 2010ల ఈఎస్ఐ చట్టానికి చేసిన సవరణ ఈ మాట చెప్పింది. 2020 సామాజిక భద్రత కోడ్‌ల కూడా ఈ మాట ఉన్నది. ఇట్ల చనిపోయిన కార్మికుని మీద ఆధారపడ్డ భార్యకు, పిల్లలకు, భర్త లేని తల్లికి నెలనెలా భృతి రావాలె.

ఇంకొకటి. మరణ పరిహారం కమిషనర్ దగ్గర జమ చెయ్యాలని 1923 నాటి పరిహార చట్టమే చెప్పింది. పెద్దమనుషుల ముందు చేతుల పెట్టి వేలిముద్ర తీసుకుంటే పరిహారం ఇచ్చినట్టు కాదు. గుద్దిన బండి దొరకకుంటే "హిట్ అండ్ రన్" కింద చనిపోయినోళ్ల కుటుంబానికి 2 లక్షల రూపాయలు ఇవ్వాలని 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నది. ఇవన్నీ మనకు ఎవరో దయతో ఇచ్చేటివి కావు. కానీ కాగితం లేకుంటే ఒక్కటీ రాదు.

సంగారెడ్డి జిల్లాల పాశమైలారం యాదికున్నదా? 2025 జూన్ 30న అక్కడి ఫార్మా ఫ్యాక్టరీల పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయిన్రు. బిహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి పొట్ట చేత పట్టుకొని వచ్చినోళ్లు అందుల ఎంతోమంది. లోపల ఎవరెవరు ఉన్నరో తేలేందుకే రోజులు పట్టింది. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలే. బడిల ఒక్క పిల్లగాడు రాకుంటే సారు అడుగుతడు. కంపెనీల మనిషే లేకుండ పోతే, అసలు ఉన్నడని ఇంటోళ్లే రుజువు చేసుకోవాలె.

"మనోళ్లు తాగి బండి నడుపుతరు, అందుకే పోతరు" అనేటోళ్లు మన తండాలల్ల కూడా ఉన్నరు. పన్నెండు గంటలు నిలబడి పనిచేసినోని కండ్లు తెల్లారుజామున ఎట్లుంటయో వాళ్లు ఒక్కసారి చూడాలె. వాణ్ని రోడ్డు మీద నిద్రమత్తులో నిలబెట్టింది ఆ డ్యూటీ.

పరిహారం కేసుకు గడువు రెండేండ్లు. మాకింక మూడు నెలలు ఉన్నది. ఈ వర్ధంతికి ఫ్లెక్సీ కడతలేం. వాడితో డ్యూటీ చేసిన ఇద్దరు సాక్ష్యం చెప్తమన్నరు. ఎఫ్‌ఐఆర్ కాపీ తీసినం. యాడిని తోలుకొని ముందు ఈఎస్ఐ ఆఫీసుకు, అక్కడ కాదంటే కార్మిక శాఖకు, హిట్ అండ్ రన్ దరఖాస్తుకు చౌటుప్పల్ ఆర్డీవో ఆఫీసుకు పోతున్నం. గెలుస్తమో లేదో తెల్వదు. అడగకుండ మాత్రం ఉండం.

మీరొక పని చెయ్యండి. ఈ రాత్రి మీ హాస్టల్ బ్యాచ్ గ్రూపు తెరవండి. బర్త్‌డేలకు కేకు బొమ్మలు పెట్టుడు కాదు, ఎవరు ఏ కంపెనీల, ఏ కాంట్రాక్టర్ కింద, ఏ షిఫ్టుల పనిచేస్తున్నరో అడగండి. ఈఎస్ఐ నంబర్, గేటు పాసు, జీతం పడ్డ బ్యాంకు మెసేజ్ ఫోటో తీసి ఇంట్ల ఒకరికి పంపమనండి. పదో తరగతి తర్వాత గ్రూపుల మాట్లాడుడు బంద్ చేసినోళ్లు ఉంటరు. ముందు వాళ్లకు ఫోన్ చెయ్యండి. చదువు ఆగినోళ్లు సిగ్గుతోని మనకు దూరమైతరు. మనం వాళ్లను మర్చిపోతం. నేను చేసిన తప్పు అదే. వాడు కంపెనీల చేరినంక నేను వాడికి రెండుసార్లే ఫోన్ చేసిన.

"ఏడిరా వాడు?" అని సారు అడిగితే చెప్పాల్సింది నేను. ఇప్పుడు అడిగేటోళ్లు లేరు. అందుకే నేనే పోయి చెప్తున్న.

జోహార్ దోస్త్.