వెలయు, విలువయు

2025 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి అమెరికాలోని డల్లాస్ నగరమున ఒక వార్త పొక్కినది. మొదట దానిని నమ్మినవారు అరుదు. వార్తను వెలువరించిన విలేఖరి ఖాతాను ఎవరో అపహరించి ఈ పరిహాసము చేసియుందురని పలువురు తలచిరి. తెల్లవారునప్పటికి అది నిజమని తేలినది. డల్లాస్ మావెరిక్స్ అను బాస్కెట్‌బాల్ జట్టు తన ప్రధాన క్రీడాకారుడైన లూకా డోంచిచ్‌ను లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టునకు ఇచ్చివేసినది. బదులుగా ఆంథొనీ డేవిస్ అను పేరుపొందిన ఆటగానిని, మాక్స్ క్రిస్టీ అను యువకుని, 2029వ సంవత్సరమున ఒక క్రొత్త ఆటగానిని మొదటి ఆవృత్తిలో ఎంచుకొను హక్కును పుచ్చుకొన్నది. తరువాతి దినములలో డల్లాస్ అభిమానులు క్రీడామందిరము వెలుపల గుమిగూడి నిరసన తెలిపిరి. కొందరు ఒక శవపేటికను తెచ్చి అచ్చట ఉంచిరి.

ఒక ఆటగాడు ఒక జట్టు విడిచి వేరొక జట్టునకు పోయినంతమాత్రాన ఇంత దుఃఖమేల? ఈ వృత్తాంతముతో మన పాఠకులకు పని యేమి? డల్లాస్ పరిసరములలో తెలుగు కుటుంబములు వేలకొలది స్థిరపడి యున్నవి. కాబట్టి అచ్చటి పిల్లల దుఃఖములో మన పిల్లల పాలును కొంత కలదు. 2015లో భారతదేశము నుండి మొట్టమొదటగా ఎంపికైన సత్నాం సింగును ఎంచుకొన్నదియు ఆ జట్టే. కాని మేము ఈ విషయమును ఎత్తుకొనుటకు కారణము ఇంతకంటె పెద్దది. ఒక మనుష్యుని విలువను ఎట్లు కట్టవలెను అను ప్రశ్న ఇందు ఇమిడి యున్నది. ఏటేట వందలమంది బాలబాలికలకు అంకెలు వేయు ఉపాధ్యాయులకును, ఆ అంకెలను మోయు విద్యార్థులకును ఇది పరాయి ప్రశ్న కాదు.

బాస్కెట్‌బాల్ అను క్రీడయే ఒక ఉపాధ్యాయుని సృష్టి. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డ్ నగరమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, శీతకాలమున గదిలోపల విద్యార్థులు ఆడుకొనుటకు తగిన ఆటను వెదకుచు, పండ్ల బుట్టలను గోడకు ఎత్తుగా కొట్టించి ఈ ఆటను కల్పించెను. ఆ బుట్టల ఆట నేడు కోట్ల డాలర్ల వ్యాపారమైనది. వ్యాపారమైన పిమ్మట ఆటగానికి వెల ఏర్పడినది. వెల ఏర్పడిన పిమ్మట మార్పిడి వచ్చినది. మార్పిడి వచ్చిన పిమ్మట వాదము వచ్చినది.

ఆ వాదమును కొంత వినుడు. డోంచిచ్ స్లొవీనియా దేశస్థుడు. పందొమ్మిదవ యేట, 2018లో, డల్లాస్ చేరెను. 2023-24లో ఆటకు సగటున 33.9 పాయింట్లు సాధించి లీగులో అగ్రస్థానమున నిలిచెను. ఆ యేడే జట్టును తుది పోటీవరకు నడిపించెను. అచ్చట బోస్టన్ జట్టు చేతిలో 4-1గా ఓటమి కలిగినది. మార్పిడి నాటికి అతనికి ఇరువది ఐదేండ్లు, డేవిస్‌కు ముప్పది యొక్కటి. "మధ్యాహ్నపు సూర్యుని ఇచ్చి సాయంకాలపు సూర్యుని కొందురా?" అని ఒక పక్షమువారి ప్రశ్న. ఇతర జట్లనెల్ల అడిగి చూడకయే ఇంత గొప్ప ఆటగానిని ఒక్క జట్టుతో మాటాడి ఇచ్చివేయుట ఏమి బేరమని వారి ఆక్షేపణ.

రెండవ పక్షము వాదము లేకపోలేదు. డోంచిచ్ బంతిని బుట్టలో వేయుటలో ఎంత నేర్పరియో, ఎదిరిని అడ్డుటలో అంత నేర్పరి కాడు. అతని దేహదార్ఢ్యము గూర్చి యాజమాన్యమునకు సంశయములు కలవు. అతనితో క్రొత్త ఒడంబడిక చేసికొన్నచో అయిదేండ్లకు సుమారు 34 కోట్ల 50 లక్షల డాలర్ల భారము పడవచ్చును. డేవిస్ రక్షణలో మేటి. 2020లో విజేతలైన లేకర్స్ జట్టులోనివాడు. ఇట్లు సాగిన వాదము ఇళ్లలోను, కార్యాలయములలోను, పాఠశాలల భోజనశాలలలోను నెలల తరబడి ఆరలేదు.

ఈ వాదములో పాల్గొను సామాన్య అభిమానికి ఎంత లెక్క తెలిసియుండవలెనో గమనింపదగును. ఆ లీగులో ప్రతి జట్టు వేతనముల మొత్తమునకు ఒక పరిమితి కలదు. పరిమితిని మించిన జట్లు మార్పిడి చేసికొనునపుడు ఇచ్చినవారి జీతములకును, పుచ్చుకొన్నవారి జీతములకును పొంతన కుదురవలెను. కనుక వట్టి ప్రతిభనే గాక వయస్సును, గాయములను, ఒడంబడికలో మిగిలిన యేండ్లను, రాబోవు యేండ్ల ఎంపిక హక్కులను ఒకే త్రాసులో తూచవలెను. లెక్కల పాఠమనిన మొగము ముడుచుకొను బాలుడు ఈ లెక్కను ఉత్సాహముతో చేయుచుండుట వింత గాదు. లెక్క వెనుక తాను ప్రేమించు వస్తువు ఉన్నది. ఉపాధ్యాయులు ఈ రహస్యమును గుర్తుంచుకొందురుగాక!

అయినను ఈ త్రాసు ఎంతవరకు నమ్మదగినది? చరిత్రను అడుగుదము.

1956లో సెయింట్ లూయిస్ జట్టు తన చేతనున్న రెండవ ఎంపికను బోస్టన్‌కు ఇచ్చి, ఎడ్ మెకాలే, క్లిఫ్ హేగన్ అను ఇరువురిని పుచ్చుకొన్నది. ఆ ఎంపికతో బోస్టన్‌కు వచ్చినవాడు బిల్ రసెల్. మెకాలే సెయింట్ లూయిస్ నగరమువాడే. జబ్బుపడిన తన బిడ్డకు దగ్గరగా ఉండుట అతనికి ఇష్టమైనది. రెండేండ్లు తిరిగినవి. 1958లో ఆ ఇరువురితో కూడిన సెయింట్ లూయిస్ జట్టు బోస్టన్‌నే ఓడించి విజేత యైనది. ఆనాడు ఎవడైన తీర్పు చెప్పియున్నచో సెయింట్ లూయిస్ మంచి బేరము చేసినదనియే చెప్పియుండును. కాని 1959 మొదలు 1966 వరకు వరుసగా ఎనిమిది యేండ్లు విజయము బోస్టన్‌దే. రసెల్ పదమూడు యేండ్ల ఆటలో పదునొకండు సారులు విజేతల జట్టులో నిలిచెను. ఆనాడు ఎవరి లెక్క తప్పు? తప్పు లెక్కలో కంటె తీర్పునకు తొందరపడుటలో హెచ్చుగా ఉన్నది.

ఇంకొక విశేషము కలదు. రసెల్ కీర్తి అంతయు ఎదిరి విసరిన బంతిని గాలిలోనే అడ్డుటయందు ఉన్నది. అట్లు అడ్డిన బంతులను లీగువారు అధికారికముగా లెక్కించుట 1973-74లో మాత్రమే ఆరంభించిరి. రసెల్ 1969లోనే ఆట చాలించెను. కాబట్టి ఏ విద్యలో అతడు లోకమునకు గురువో ఆ విద్యలో అతని లెక్క పుస్తకములో సున్న కూడ కాదు. ఆ గడియే లేదు. లెక్కకు రానిది లేనిదని తలచు వారికి ఇంతకంటె మంచి గుణపాఠము దొరకదు. మన పాఠశాలలో పక్క విద్యార్థికి అర్థముగాని పాఠమును ఓపికతో చెప్పు బాలిక కలదు. ఆమె ఓపికకు మార్కుల పట్టికలో గడి ఎక్కడ?

మరియొక బేరము చూడుడు. 2013లో బోస్టన్ జట్టు తన వృద్ధవీరులైన పాల్ పియర్స్, కెవిన్ గార్నెట్ మొదలగువారిని బ్రూక్లిన్ జట్టునకు ఇచ్చి, బదులుగా రాబోవు యేండ్ల ఎంపికలను పుచ్చుకొన్నది. పేరున్న వారిని ఇచ్చి పేరులేని హక్కులను తెచ్చుకొనుట అప్పటికి నీరసముగా తోచినది. ఆ హక్కుల బలముతోనే 2016లో జేలన్ బ్రౌన్, 2017లో జేసన్ టేటమ్ బోస్టన్‌కు వచ్చిరి. ఆ ఇరువురే 2024లో జట్టును విజేతగా నిలిపిరి. విత్తనమునకు సంతలో ధర తక్కువ. పంట నాడు గాని దాని విలువ తెలియదు. ఉపాధ్యాయుడు నిత్యము చేయు వ్యాపారము విత్తనములతోనే గదా!

మరల డల్లాస్‌కు వత్తము. డేవిస్ క్రొత్త జట్టులో ఆడిన మొదటి ఆటలోనే గాయపడెను. తరువాత మరియొక ముఖ్యుడైన కైరీ అర్వింగ్ మోకాలు దెబ్బతిన్నది. ఆ యేడు జట్టు 39 ఆటలలో గెలిచి 43 ఆటలలో ఓడినది. ఇంతలో మే నెలలో క్రొత్త ఆటగాండ్రను ఎంచుకొను క్రమమును నిర్ణయించు చీటీలలో, నూటికి 1.8 వంతు మాత్రమే అవకాశమున్న డల్లాస్‌కు మొదటి ఎంపిక దక్కినది. కూపర్ ఫ్లాగ్ అను ప్రతిభాశాలి లభించెను. "చూచితిరా, మార్పిడి మేలే చేసినది" అని కొందరనిరి. ఇది తర్కము కాదు. బావిలో దూకినవానికి అడుగున నిధి దొరకినచో దూకుట వివేకమగునా? నిర్ణయమును నిర్ణయకాలమున తెలిసిన విషయములతో తూచవలెను. అదృష్టముతో కాదు, దురదృష్టముతోను కాదు. ఈ న్యాయముననే డేవిస్ గాయమును చూపి మార్పిడిని నిందించుటయు సగము వాదమే. అతడు గాయపడు స్వభావము గలవాడని ముందే తెలియుననునంతవరకే ఆ నింద చెల్లును. మార్పిడి చేసిన ప్రధాన నిర్వాహకుడు నికో హారిసన్ 2025 నవంబరులో పదవి కోల్పోయెను. పదవి పోయినంత మాత్రాన అతని వాదమంతయు అబద్ధము కాదు. ప్రజల మనస్సును లెక్కలో చేర్చకుండుట మాత్రము అతని పొరబాటే.

ఏది ఆ మనస్సు? 2025 ఏప్రిల్ 9న డోంచిచ్ లేకర్స్ పక్షమున డల్లాస్‌కు వచ్చెను. ఆటకు ముందు అతని ఏడేండ్ల జ్ఞాపకముల చిత్రమును ప్రదర్శించిరి. అతడు కన్నీరు ఆపుకొనలేకపోయెను. పిమ్మట ఆడి నలుబది యైదు పాయింట్లు సాధించెను. ప్రత్యర్థి యైన ఆ ఆటగానికి డల్లాస్ ప్రజలే జేజేలు పలికిరి. ఈ జేజేలు ఏ త్రాసులో తూగును? మార్పిడి జరుగుచున్నదని ఆ యువకునికి ముందుగా తెలియనే తెలియదు. కొద్దిమందికి తప్ప ఆ లీగులో ఆటగాండ్రకు మార్పిడిని కాదనెడి హక్కు లేదు. 1970లో ఆస్కార్ రాబర్ట్‌సన్ మొదలగు ఆటగాండ్రు లీగుపై వ్యాజ్యెము వేసి, ఆరేండ్లు పోరాడి, 1976లో కుదిరిన రాజీవలన గదా ఒడంబడిక ముగిసిన ఆటగానికి స్వేచ్ఛామార్గము తెరవబడినది! కోట్లు గడించువాని కన్నీరు మనకేల అని అందురేమో. జీతము ఎంత పెద్దదైనను అది అతని పనికి ఇచ్చిన వెల. అతనిని వస్తువుగా చేసి చేతులు మార్చుటకు ఇచ్చిన వెల కాదు. మన దేశమున 2008 నుండి క్రికెట్ ఆటగాండ్రు వేలము పాటలో అమ్ముడగుచున్నారు. "వీడికి ఇంత దండుగ" అను మాట మన ఇండ్లలోను వినవచ్చుచున్నది. కావున ఈ హెచ్చరిక అమెరికా వారికి మాత్రమే కాదు.

అట్లని అభిమానులు వాదింపరాదని మేము చెప్పము. వాదింపవలెను. సాక్ష్యము చూపి మాటాడుట, ఎదుటివాని పక్షములోని బలమును ఒప్పుకొనుట, నేడు చెప్పిన జోస్యమును వ్రాసిపెట్టుకొని అయిదేండ్లకు తీసి చూచుకొని తప్పు తెలిసికొనుట — ఇవి ఏ విద్యాలయమైనను నేర్పదగిన గుణములే. తరగతిలో ఒక గంట ఇట్టి వాదమునకు కేటాయించి, ఒక పక్షమువారిని రెండవ పక్షము తరఫున మాటాడించు ఉపాధ్యాయుడు తర్కశాస్త్రమును ఆటలోనే బోధించినవాడగును. కోరవలసినది ఒక్కటే: త్రాసులో ఉన్నది మనిషి యని మరువకుండుట.

తెలుగులో వెల, విలువ అను రెండు మాటలు ఉండుట మన అదృష్టము. వెల బజారులో పుట్టును. రాత్రికి రాత్రి పెరుగును, తరుగును. విలువ సహవాసములో పుట్టును. దానిని పెంచుటకు ఏండ్లు పట్టును. మార్కులు వేయక పాఠశాల నడువదు, వెల కట్టక లీగు నడువదు. ఈ సంవత్సరాంతమున మార్కుల పట్టికలు పంచునపుడు ఉపాధ్యాయులు ప్రతి పట్టిక క్రిందను, ఆ అంకెలలో ఇమడని ఆ బిడ్డ గుణమును ఒక్క వాక్యములో తమ చేతితో వ్రాసి ఇచ్చినచో, ఆ వాక్యమును ఆ బిడ్డ అంకెలకంటె ఎక్కువ కాలము దాచుకొనును.