పదకోశమునకు వెలుపల పసుపు చేను

రాజ్యము చేతికి వచ్చినంతమాత్రమున జాతికి గౌరవము చేకూరదు. అమెరికా సంస్థానములు 1776లో స్వాతంత్ర్యమును ప్రకటించుకొని, 1787లో రాజ్యాంగమును వ్రాసికొనెను. అయినను 1820లో సిడ్నీ స్మిత్ అను ఆంగ్లేయుడు ఎడింబరో రివ్యూ పత్రికలో, అమెరికావారి గ్రంథములను చదువువారు లోకమున నెవరున్నారని ఎకసక్కెమాడెను. అప్పటికే నోవా వెబ్‌స్టరు అను బడిపంతులు మారుమాట యక్కరలేని పనిలో మునిగియుండెను. 1783లో పిల్లల వర్ణక్రమ పుస్తకముతో మొదలిడి, 1828లో డెబ్బదివేల పదముల నిఘంటువును రెండు సంపుటములుగా వెలువరించెను. లండను పండితులు మాటలుగా నెంచని అమెరికా చెట్ల పేళ్లు, మృగముల పేళ్లు, పల్లె వంటకముల పేళ్లు అందు చోటుగొనెను. అతని వర్ణక్రమ సంస్కారములు కొన్ని నవ్వులపాలైన మాట నిజమే, ఆయన మొండివాడు. అట్టి పనికి మొండివాడే కావలెను.

ఈ కథ తెలంగాణమునకు క్రొత్తది గాదు. 1921 నవంబరు 12న హైదరాబాదులో, సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాయగా, సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. 1937లో ఆరవ ఆంధ్రమహాసభ నిజామాబాదుననే జరిగెను. ఆ తరము తిట్టునకు తిట్టు బదులీయలేదు. గ్రంథము నిచ్చెను, సభ నిచ్చెను.

కవులకు బదులు దొరకినది. కర్షకునకో?

ఆర్మూరు ప్రాంతపు రైతు తన పేరును తానే ఎక్కించుకొనినాడు. 2019 లోక్‌సభ ఎన్నికలో పసుపు బోర్డును, క్వింటాలునకు 15,000 రూపాయల ధరను కోరి, నూటడెబ్బదికి పైబడి రైతులు నిజామాబాదు స్థానమున అభ్యర్థులుగా నిలిచిరి. అభ్యర్థులందరును కలిసి 185 మంది. ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 ఓటు యంత్రములను పేర్చవలసివచ్చెను. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదున ప్రారంభమైనది. ఇంతటి రాజకీయ చైతన్యము గల పల్లెల వ్యవసాయ భాష మాత్రము నేటికిని పండితుల కంటికి ఆనదు.

పూర్వము పని జరుగలేదని మేమనుట లేదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ వృత్తి పదకోశమును వెలువరించెను. అది వెబ్‌స్టరు కృషికి తీసిపోని సంకల్పము. కాని అరువదేండ్లు దాటినవి. కడాయిలో దుంపలను ఉడికించిన చోట ఆవిరి బాయిలర్లు వచ్చినవి. కొమ్ములను చేతితో రుద్ది మెరుగుపెట్టిన చోట యంత్రపు పీపాలు తిరుగుచున్నవి. పని మారినప్పుడు దాని మాటయు మారును. పాతది పోవును, క్రొత్తది పుట్టును. రెండింటిని వ్రాసికొనువారు లేరు.

రైతునకు ధర కావలెను గాని పదకోశమెందులకని కొందరడుగుదురు. యార్డులో కొమ్మునకొక ధర, మండకొక ధర. తడి యెంత, మెరుగెంత, పుచ్చెంత అను తగవులన్నియు మాటలతోనే తెగును. ఆ మాటలు అవతలివానివైనప్పుడు రైతు తల యూపుటయే గాని వాదించుట యెట్లు? బోర్డువారి పత్రములు, పరీక్షల ఫలితములు ఏ భాషలో నుండవలెనను ప్రశ్న ధర ప్రశ్నలోని భాగమే.

ఒక జాగ్రత్త. అమెరికా రాజ్యాంగము ప్రాతినిధ్యపు లెక్కకు అయిదుగురు బానిసలను ముగ్గురిగా నెంచినది. జాతిని కట్టుచు జాతిలోని వారినే కొందరిని వెలుపల నుంచుట యెంత సులభమో ఇందుచే తెలియును. పసుపు పదములను పెద్ద కమతముల యజమానులనడిగి వ్రాసికొని పోయినచో అదే తప్పు. త్రవ్విన నేలలో దుంపలేరు కూలి స్త్రీలకే ఆ మాటలలో సగము తెలియును.

హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయము నేడు ప్రతాపరెడ్డిగారి పేరు వహించియున్నది. ఈ పనిని అది పసుపు బోర్డుతో కలిసి చేపట్టవలెను. త్రవ్వకములు పుష్య మాఘ మాసములలో సాగును. పండితులు అప్పుడు ఆర్మూరు చేలకు రావలెను. ఉగాది దాటిన పిమ్మట వచ్చినచో సభ జరుపుటకు, దండలు వేసికొనుటకు వీలగును గాని, అడుగుటకు చేలో ఎవరును ఉండరు.