ఇస్లాం ధర్మశాస్త్రమున ఐదు మెట్లు

ఇస్లాం ధర్మశాస్త్రమున విధి, నిషేధము అను రెండే మాటలు గలవని మనలో పెక్కురు తలచుచున్నారు. హలాల్, హరాం అను పదములే వీధిలో వినవచ్చుటచే గలిగిన భ్రమ యిది. శాస్త్రకర్తలు మానవుని పనులను ఐదు తరగతులుగా విభజించిరి. నమాజు, రంజాను ఉపవాసము వంటివి ఫర్జు, మానినచో పాపము. తప్పనిసరి కాని దానమువలె చేసినచో పుణ్యము, మానినచో దోషము లేనివి ముస్తహబ్. మానుటయే మేలైనను, చేసినచో శిక్ష లేనివి మక్రూహ్. మద్యపానము, వడ్డీ మున్నగునవి హరాం. వీని నడుమ, చేసినను మానినను పాపపుణ్యము లంటనిది ముబాహ్. హనఫీలు ఫర్జునకు దిగువ వాజిబును చేర్చి, మక్రూహును రెండుగా చీల్చిరి. ఆ సూక్ష్మముల కిచట తావు లేదు.

మా దృష్టిలో ఈ నడిమి మెట్టే ముఖ్యమైనది. నిషేధమునకు ప్రమాణము చూపనంతవరకు వస్తువు అనుమతమే యని పెక్కుమంది పండితుల సిద్ధాంతము. అనగా ఋజువు చూపవలసిన భారము వలదనువానిదే గాని, త్రాగువానిది గాదు. 1511లో మక్కాయందు ఖైర్ బేగ్ అను అధికారి కాఫీ హరామని పండితులచే పలికించెను. కైరోనుండి వచ్చిన ఉత్తరువు కాఫీ కూటములను మాత్రము నిషేధించి, పానమును విడిచిపెట్టెను. తరువాత ఎన్నిమారులు తగవు రేగినను తుదకు కాఫీ ముబాహుగానే నిలిచినది. ఉదయమున కాఫీ లేనిదే పత్రిక ముట్టని మన పాఠకులకు ఈ తీర్పు రుచింపకపోదు.

కాని యీ మెట్లకును కచేరి తీర్పునకును నడుమ అగాధము గలదు. మనదేశమున ముసల్మానులు పెక్కురు హనఫీలు. ఒక్కమారుగా ముమ్మారు తలాఖు పలుకుట పాపమని హనఫీ పండితులే యొప్పుకొనిరి. పలికినచో చెల్లునని కూడ వారే చెప్పిరి. పాపము పురుషుని మనస్సాక్షికి విడువబడినది. ఫలము స్త్రీ నెత్తిన పడినది. ఎంత గర్హించినను ఆమెను ఇల్లు వెడలగొట్టుట ఆగలేదు.

2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఇద్దరు న్యాయమూర్తులు విభేదింపగా, ముగ్గురి ఆధిక్యముతో దానిని కొట్టివేసినది. జస్టిస్ నారిమన్ తమ తీర్పున ఈ యైదు మెట్లనే యెత్తి, ముమ్మారు తలాఖు మొదటి మెట్టున లేదనియు, మక్రూహునకే దగ్గరయనియు చెప్పిరి. కావున అది మతమున అత్యవసరభాగము కాదనిరి. 2019 చట్టము మరియొక అడుగు వేసి, మూడేండ్ల వరకు కారాగారశిక్ష గల నేరముగా చేసినది. చెల్లదనుట న్యాయము. చెల్లని మాటకు చెరసాల యేల యను ప్రశ్నకు మాత్రము తృప్తికరమగు సమాధానము మాకు కానరాలేదు. భర్త చెరలో నుండగా ఆ యింట బియ్యము తెచ్చువాడెవడు?