ఎర్ర ఖాతాలకు ఎవరు పూచీ?

కోల్‌కతా వర్తకులు పద్దులు రాసుకునే ఎర్ర గుడ్డ అట్ట పుస్తకాన్ని బెంగాలీలు 'ఖేరోర్ ఖాతా' అంటారు. సత్యజిత్ రే తన సినిమాల పద్దులన్నీ అందులోనే రాశారు. స్క్రీన్‌ప్లే, సంభాషణలు, షాట్ల బొమ్మలు, దుస్తుల నమూనాలు, నేపథ్య సంగీతం... ఒకే చోట. కొట్టివేతలు, మార్జిన్‌లో రాతలు సరేసరి. తెరమీద కనిపించేది దర్శకుడి ఆఖరి నిర్ణయమైతే, అంతకుముందు ఆయన వద్దనుకున్నవన్నీ ఈ ఖాతాల్లో దొరుకుతాయి.

1993లో లండన్‌లోని ఓ ల్యాబ్‌లో మంటలు చెలరేగి 'పథేర్ పాంచాలి' సహా అపు చిత్రత్రయం నెగటివ్‌లు దెబ్బతిన్నాయి. అయినా మిగిలిన రీళ్లు, ఇతర చోట్ల ఉన్న ప్రింట్ల సాయంతో 2015లో మూడు చిత్రాలూ కొత్త రూపు దాల్చాయి. సినిమాకు ఆ వెసులుబాటుంది. ఒక ప్రతి పోతే మరోచోట ఇంకోటి ఉండొచ్చు. చేతిరాత ఖాతా మాత్రం ఒక్కటే. చెద పట్టినా, తూకానికి పోయినా ఇక అంతే.

పైగా ఈ కాగితాలు ఒకచోట ఉండవు. 'పథేర్ పాంచాలి'కి పూర్తి స్క్రిప్టే లేదు. రే బొమ్మలు గీసుకున్న స్కెచ్‌బుక్ పారిస్‌లోని సినిమాథెక్‌కు వెళ్లింది. మనకది పుస్తకంగా అందింది 2016లోనే. ఉత్తరాల సంగతి మరీ చిక్కు. రాసినవాటిలో చాలామటుకు అందుకున్నవారి ఇళ్లలోనే ఉండిపోతాయి. వచ్చినవి ఇంట్లోనే మరుగున పడతాయి. రే కుమారుడు సందీప్‌కు ఆర్థర్ సి.క్లార్క్ లాంటివారి ఉత్తరాలు, పాత నెగటివ్‌లు దొరికింది 2020 లాక్‌డౌన్‌లో ఇల్లు సర్దుతుండగా!

ఇదంతా అభిమానుల ముచ్చట మాత్రమే కాదు. 1967లో హాలీవుడ్ కోసం రే రాసిన 'ది ఏలియన్' తెరకెక్కలేదు. 1982లో 'ఇ.టి.' వచ్చాక, అమెరికాలో చేతులు మారిన తన స్క్రిప్టు ప్రతుల ప్రభావం దానిపై ఉందని రే అభిప్రాయపడ్డారు. స్పీల్‌బర్గ్ కాదన్నారు. ఆ వాదన తేల్చుకోవాలంటే చూడాల్సింది ఆ కాగితాలనే. 'నాయక్' స్క్రీన్‌ప్లే హక్కు నిర్మాతది కాదు, రేదేనని ఢిల్లీ హైకోర్టు 2023లో తీర్పిచ్చింది. సినిమా వేరు, దాని రాత వేరు అన్నమాట.

సేకరించేవారు గుర్తుంచుకోవాల్సిన మరో తేడా ఉంది. ఉత్తరం కొన్నవాడికి కాగితమే సొంతమవుతుంది. అందులోని రాతపై కాపీరైట్ రచయిత వారసులకే ఉంటుంది. కొని బీరువాలో దాచుకోవచ్చు, అచ్చు వేసుకోలేరు. బీరువాలో దాగినదాన్ని పరిశోధకుడు చూడలేడు.

రేకు శ్రద్ధగల కుటుంబం, ఆయన పేరిట ఓ సొసైటీ ఉన్నాయి. ఆ రెండూ లేని దర్శకులే దేశంలో ఎక్కువ. తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రతే దక్కలేదు, ఇక దాని కాగితాల మాటెవరు అడిగారు? జయంతి రోజున విగ్రహానికి దండ వేయడం సులువే. పాత ట్రంకుపెట్టె తెరిచి, ఉన్నదేమిటో జాబితా రాసి, స్కాన్ చేయించడానికి అంతకన్నా ఎక్కువ ఖర్చేమీ కాదు. కావలసింది ఓపిక. అదీ చెదపురుగుల కన్నా ముందు.